ఎనభై రెండు మార్కులు

1986 ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ ఏడాది విద్యార్థుల జాబితా వచ్చింది. ఐదుగురు. ఐదుగురూ ఐదు దీవుల్లో, నేను పట్నంలో, కిర్క్‌వాల్‌లో. అందరూ నలభై దాటినవాళ్ళే. ఒకావిడకైతే డెబ్భై ఒకటి. దూరవిద్య అని పేరు పెట్టినవాడెవడో స్కాట్లండ్ కొసనున్న మా ఆర్క్నీ దీవుల్ని చూసే పెట్టి ఉంటాడు. బళ్ళో ముప్ఫై ఒక్కేళ్ళు చరిత్ర చెప్పి దిగిపోయాక ఈ ట్యూటర్ పనిలో చేరాను. ఇది ఐదో ఏడు. వాళ్ళు వ్యాసాలు పోస్టులో పంపుతారు, నేను దిద్ది మార్కులు వేసి పోస్టులో పంపుతాను. పదిహేను రోజులకోసారి ఎక్స్ఛేంజివాళ్ళు అందరి ఫోన్లూ ఒకే లైనులో కలుపుతారు. ఒకరి ముఖం ఒకరం చూసుకోం.

అక్క వెళ్ళి పదిహేడు రోజులైంది. లెక్కపెట్టలేదు, క్యాలెండర్ వంక చూస్తే తెలిసిపోయింది.

అరవై రెండేళ్ళకి పెళ్ళి. పెళ్ళికొడుక్కి అరవై ఆరు, ముప్ఫై ఆవులు, రెండు మోకాళ్ళ నొప్పులు. "నీకు బావ వచ్చాడే" అని చర్చి మెట్ల మీద మురిసిపోయింది. యాభై తొమ్మిదేళ్ళకి నాకు బావ దొరికాడు. ఏం చేసుకోను?

ఫిబ్రవరి 11

మొదటి ఫోన్ క్లాసు. మాట్లాడే ముందు ఎవరి పేరు వాళ్ళు చెప్పాలి, లేకపోతే ఏ గొంతు ఎవరిదో తెలియదు అని చెప్పాను.

"రోబీనా డ్రీవర్. అమ్మాయ్, నేను కూడా చెప్పాలా? నలభై ఏళ్ళు పోస్టాఫీసు కిటికీలో కూర్చున్నాను. నా గొంతు తెలియనివాడు ఈ దీవుల్లో ఎవడు?"

ఈవిడే డెబ్భై ఒకటి. మాట్లాడుతున్నంతసేపూ అల్లిక సూదుల చప్పుడు. లైట్‌హౌస్‌లో పనిచేసే అవర్స్టన్ పేరు చెప్పాడు. మిగతా ఇద్దరూ చెప్పారు. ఒక లైనులో మాత్రం ఊపిరి తప్ప మాట లేదు.

"హెల్సే దీవి నుంచి ఎవరు?" అన్నాను.

చాలాసేపటికి, "ఎర్లెండ్ ఫూబిస్టర్. ఉన్నానండీ" అని వచ్చింది.

కోర్సులో ఎందుకు చేరారని అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను.

"పద్నాలుగేళ్ళకి బడి మానిపించారండీ. నాన్నకి ఊపిరితిత్తుల జబ్బు, పడవ మీదికి మనిషి కావాలి. అప్పుడు హెడ్మాస్టరు అన్నాడు, పోనీలే, వీడిది పీతబుర్ర, బడికేం నష్టం లేదు అని. ఆ మాట నిజమో కాదో పోయేలోపల తేల్చుకుందామని చేరానండీ."

లైనులో సూదుల చప్పుడు ఆగింది.

"రోబీనా డ్రీవర్. ఆ హెడ్మాస్టర్ని నేనెరుగుదును. ఉత్తరం మీద అడ్రసు ఒక్కటీ సరిగ్గా రాసేవాడు కాదు."

అందరూ నవ్వారు. ఎర్లెండ్ కూడా. నాకూ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

మార్చి 9, ఆదివారం

ఎర్లెండ్ మొదటి వ్యాసం. ఇంట్లో ఉన్న ఒక వస్తువుని చరిత్రకి సాక్ష్యంగా చదవండి అన్నది ప్రశ్న. మిగతావాళ్ళు బైబిలు, గడియారం, కుట్టుమిషను రాశారు. ఈయన పశువుల కొట్టం తలుపు గురించి రాశాడు. తలుపు లోపలివైపు వాళ్ళ నాన్న పెన్సిలుతో రాసేవాడట. మొదటి మంచు పడ్డ రోజు, దూడ పుట్టిన రోజు, తమ్ముడు మునిగిపోయిన రోజు. "అన్నీ ఒకే సైజు అక్షరాలు. నాన్న ఈ తలుపు మీద తప్ప ఎక్కడా ఏమీ రాయలేదు" అని ముగించాడు.

పేరాలు లేవు. కామాలు లేవు. వాదన లేదు. పేజీకి ఇరవై తప్పులు. ఆ చివరి వాక్యం కొట్టేసి, పక్కన "వ్యక్తిగతం. తీసెయ్యాలి" అని రాశాను. నలభై ఎనిమిది మార్కులు.

ఆయన రాసింది నాలుగు పేజీలు, నేను రాసిన వ్యాఖ్యలు ఆరు పేజీలు. ఎలా మొదలుపెట్టాలో, ఎలా మలుపు తిప్పాలో, ఎలా ముగించాలో, అన్నీ వాక్యాలతో సహా రాసి చూపించాను. పొద్దున కూర్చుంటే, తల ఎత్తేసరికి చీకటి పడింది. ఆదివారాలు ఇలా గడిస్తే బాగుండును.

మార్చి 25

అక్క ఫోన్ చేసింది. ఆవు కవలల్ని ఈనిందట. సరే.

ఏప్రిల్ 20

ఎర్లెండ్ రెండో వ్యాసానికి అరవై ఒకటి. మొదటి పేరా నేను రాసి పంపినదే, ఊరు పేరు మార్చాడు. తప్పేముంది? చంటిపిల్లలు మాటలు నేర్చేదీ అలాగే. విన్నదే అంటారు.

వ్యాఖ్యలు ఎనిమిది పేజీలు.

మే 6

ఫోన్ క్లాసులో ఎర్లెండ్ అడక్కుండానే మాట్లాడాడు.

"ఎర్లెండ్ ఫూబిస్టర్. మిస్ హెడిల్ గారూ, మీరు రాసిన పేజీలు మా వయొలెట్ భోజనాల దగ్గర పైకి చదువుతుందండీ. నేను చదివితే తొందరగా అయిపోతాయని చదవనివ్వదు."

"రోబీనా డ్రీవర్. నాకు మూడే పేజీలు వచ్చాయి అమ్మాయ్. మొగుడూ పెళ్ళాలు ఉన్నవాళ్ళకి ఎక్కువా?"

మీకు అవసరం లేదు రోబీనా, మీరు బాగానే రాస్తున్నారు అన్నాను. నిజమే. ఆవిడ చెప్పింది వినదు, రాసింది మార్చదు. ఆవిడకి వ్యాఖ్యలు రాయడంలో నాకు సరదా లేదు.

హెల్సేలో ఒక వంటింట్లో ఇద్దరు మనుషులు భోజనం చేస్తూ నా మాటలు వింటున్నారు. ఈ వాక్యం రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

జూన్ 22

నాలుగో వ్యాసం. ఎనభై రెండు.

ఇంత చక్కటి వ్యాసం ఈ ఐదేళ్ళలో నేను దిద్దలేదు. ఎత్తుగడ, మలుపు, ముగింపు, ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. చదువుతుంటే తర్వాతి వాక్యం ఏమిటో ముందే తెలిసిపోతోంది. మంచి రాతకి అదే గుర్తు. ఫిబ్రవరిలో నోరు విప్పనివాడు, నాలుగు నెలల్లో ఇక్కడికి వచ్చాడు. చదువు చెప్పడమంటే ఇదీ అని ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరూ లేరు కనక ఇక్కడ రాస్తున్నాను.

జూలై 8

ఒళ్ళు మండిపోతోంది.

ట్యూటర్లు దిద్దినవాటిలో కొన్ని ఏరి, సరిగ్గా దిద్దారా లేదా అని పైవాళ్ళు చూస్తారు. ఈసారి నావి ఎడింబరో యూనివర్సిటీలో డాక్టర్ పిరీ అనే ఆయనకి వెళ్ళాయి. పత్రికలో ఫొటో చూశాను. ముప్ఫై రెండో, ముప్ఫై మూడో. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు ఈయన నాకు చెబుతాడు:

"ట్యూటర్ శ్రద్ధ మెచ్చుకోదగింది. అయితే వ్యాఖ్యలు వ్యాసం కన్నా పొడవుగా ఉన్నాయి. ఫూబిస్టర్ మొదటి వ్యాసాన్నీ నాలుగో వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి చదవమని మనవి. రెండిటి నకళ్ళూ జతచేశాను."

నాలుగే వాక్యాలు. మూడో దానిలో క్రియ బలహీనం. నకళ్ళు కవరులోంచి తియ్యకుండానే సొరుగులో పడేశాను. నేను దిద్దినవి నేను మళ్ళీ చదవాలా? నాకు జ్ఞాపకం లేవా?

జూలై 13

అక్క దగ్గరికి భోజనానికి వెళ్ళాను. బావ గొర్రెమాంసం కోస్తూ ఆవుల గురించి మాట్లాడాడు. మంచివాడే. పాపం, ప్లేటు నిండా పెట్టాడు.

గిన్నెలు కడిగేటప్పుడు పిరీ సంగతి చెప్పాను. నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

"నా కాంపొజిషన్లు కూడా నువ్వే రాసేదానివి, జ్ఞాపకముందా?" అంది.

"దిద్దేదాన్ని."

"రాసేదానివే. నాకన్నా మూడేళ్ళు చిన్నదానివి, నా నోటుబుక్కు లాక్కుని రాసేదానివి. నాకు అన్నిటికీ పదికి తొమ్మిది. టీచరు బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం నోట మాట రాదు. బడి ఎందుకు మానేశాననుకున్నావే?"

"అమ్మకి సాయం కావాలని."

"అమ్మకి అలాగే చెప్పాను."

తడిగుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. అక్క మామూలుగానే చెప్పింది, కోపంగా కాదు. తర్వాత బావకి టీ పెట్టింది. దీనికీ ఎర్లెండ్‌కీ సంబంధం లేదు. అక్కకి అసలు చదువు మీద ఆసక్తి ఉండేది కాదు.

ఆగస్టు 17

ఐదో వ్యాసం. ఎనభై. రెండు తగ్గించాను, పిరీ గారి తృప్తికి.

సెప్టెంబర్ 30

పరీక్షకి ముందు చివరి ఫోన్ క్లాసు. అందరూ బెదిరిపోయి ఉన్నారు, రోబీనా తప్ప. ఆవిడ పరీక్ష రోజు వేసుకోడానికి చేతుల్లేని స్వెటర్ అల్లుకుంటోందట. చేతులుంటే సిరా అంటుతుందట.

చివర్లో ఎర్లెండ్ అన్నాడు, "పరీక్ష హాల్లో మీ పేజీలు ఉండవు కదండీ."

"మీ బుర్రలో ఉంటాయి."

"ఉంటాయంటారా?"

ఉంటాయి అన్నాను. వచ్చే అవకాశమున్న పదకొండు ప్రశ్నలకి పదకొండు ఎత్తుగడలు రాసి రేపే పోస్టు చేస్తాను. కంఠస్థం పట్టమని చెబుతాను. ఇప్పుడు పద్ధతి మార్చడం న్యాయం కాదు. ఏరు దాటుతున్నవాడి చెయ్యి మధ్యలో వదలకూడదు.

అక్టోబర్ 22

పరీక్ష కిర్క్‌వాల్‌లోనే. ట్యూటర్లకి అక్కడేం పని లేదు. రొట్టె కోసం బయల్దేరి అటుగా వెళ్ళాను. రొట్టె దుకాణం అటు లేదు.

పొడుగాటి మనిషి ఒకాయన, కొత్త కోటు, గోడ మీద కూర్చుని సముద్రం వంక చూస్తున్నాడు. ఆయనే అయ్యుంటాడనిపించింది. పలకరిద్దామని రెండడుగులు వేశాను. ఏమని పలకరిస్తాను? వర్షం మొదలైంది. వచ్చేశాను.

డిసెంబర్ 16

ఫలితాలు. నలుగురు పాస్. రోబీనాకి అరవై నాలుగు.

ఎర్లెండ్‌కి ముప్ఫై ఒకటి. ఫెయిల్.

ఎక్కడో పొరపాటు జరిగింది. ఆఫీసుకి ఫోన్ చేశాను. పొరపాటు లేదు, రెండుసార్లు చూశామన్నారు.

డిసెంబర్ 18

ఎర్లెండ్ ఫోన్ చేశాడు. అలవాటుగా ముందు పేరు చెప్పాడు.

"ఎర్లెండ్ ఫూబిస్టర్. హెడ్మాస్టరు చెప్పింది నిజమేనండీ. తేలిపోయింది."

"అలా అనకండి. ఏం జరిగింది?"

"మీ మొదటి వాక్యం గుర్తొచ్చేదండీ. చక్కగా రాసేవాణ్ణి. దాని తర్వాత నాది రాయాలి కదా. మీ వాక్యం పక్కన నా వాక్యం పెట్టడానికి సిగ్గేసేది. కొట్టేసేవాణ్ణి. మళ్ళీ రాసేవాణ్ణి, మళ్ళీ కొట్టేసేవాణ్ణి. మూడు గంటలూ అదే పని. ఇచ్చిన కాగితాల మీద కొట్టివేతలు తప్ప ఏం లేవు."

మళ్ళీ రాయొచ్చు, ఇంకో ఏడాది అవకాశం ఇస్తారు అన్నాను.

"వద్దండీ. మీరు అంత కష్టపడ్డారు. ఎంత పోసినా కుండకి చిల్లు ఉంటే ఏం లాభం? పుస్తకాలు ఇంకెవరికైనా పనికొస్తాయేమో, మీకు పంపించెయ్యమంటారా?"

ఉంచుకోండి అన్నాను. ఇంకేం అన్నానో గుర్తులేదు.

డిసెంబర్ 19

సొరుగులోంచి పిరీ కవరు తీశాను. మొదటి వ్యాసం, నాలుగో వ్యాసం బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నాలుగో దానిలో నేను అంతకుముందు ఎప్పుడో రాసి పంపిన వాక్యం కనిపిస్తే పెన్సిలుతో కింద గీత గీయడం మొదలుపెట్టాను.

నూట పన్నెండు వాక్యాలున్నాయి. డెబ్భై నాలుగింటి కింద గీతలు పడ్డాయి. మిగతా వాటిలోనూ నడక నాదే.

తర్వాతి వాక్యం ఏమిటో ముందే తెలిసిపోతోందని జూన్‌లో రాసుకున్నాను. ఎందుకు తెలియదు? నేను రాసినవే కదా. ఎనభై రెండు మార్కులు నాకు నేనే వేసుకున్నాను. పక్కన "అద్భుతం" అని కూడా ఉంది, నా చేతిరాతతో.

ఆ తర్వాత మొదటిది చదివాను. తలుపు గురించి. తప్పులన్నీ అలాగే ఉన్నాయి. ఈ దీవుల్లో ఇంకెవరూ రాయలేని నాలుగు పేజీలు అవి. ఉన్న ఒక్క మంచి వాక్యాన్ని నేను కొట్టేశాను. తల కొట్టేసినట్టయింది.

డిసెంబర్ 21

ఎందుకు చేశాను?

సాయం చెయ్యాలని. (కాదు.)

ఆయన పాసవ్వాలని. (అదీ ఉంది, కానీ కాదు.)

అక్క వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు. హెల్సేలో ఒక వంటింట్లో వింటున్నారు. ఆయన తనంతట తాను రాయడం మొదలుపెడితే నేను ఆరు పేజీలు రాయక్కర్లేదు, ఎనిమిది పేజీలు రాయక్కర్లేదు. ఒంటరితనం భరించలేక ఒక మనిషి చదువుని తినేశాను. ఇంతే. ఇంతకన్నా చక్కగా రాయడానికి ఏం లేదు.

ఆయన ఇప్పుడు తనది పీతబుర్ర అనుకుంటున్నాడు. చచ్చేదాకా అలాగే అనుకుంటాడు, నేను నిజం చెప్పకపోతే. ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మూడు పేజీలయ్యాక చూసుకుంటే మళ్ళీ చక్కటి ఎత్తుగడ, చక్కటి మలుపు. చింపేశాను. వెళ్ళి నోటితో చెప్పాలి.

1987 జనవరి 6

గాలివాన. హెల్సే పడవ రద్దు. హమ్మయ్య అనిపించింది. సిగ్గు లేకపోతే సరి.

జనవరి 8

మళ్ళీ రద్దు. ఈసారి హమ్మయ్య అనిపించలేదు.

జనవరి 13

వెళ్ళాను.

రేవులో ట్రాక్టరు పక్కన పొట్టి మనిషి, బట్టతల, ఒక చెవిలో పత్తి. అక్టోబరులో నేను చూసినాయన ఈయన కాదు. "ఎర్లెండ్ ఫూబిస్టర్" అన్నాడు, ఫోన్‌లో లాగే. ట్రాక్టరులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. దారిలో కొట్టం కనిపించింది, తలుపు మూసి ఉంది. చూపించమని అడిగే ముఖం నాకు లేదు.

వయొలెట్ బార్లీ రొట్టెలు, జున్ను, టీ పెట్టింది. గట్టి మనిషి, మోచేతుల దాకా పిండి. కూర్చున్నాక పొయ్యి పక్క గోడ చూశాను. వ్యాసాలు. అరవై ఒకటి, డెబ్భై నాలుగు, ఎనభై రెండు, ఎనభై. మార్కులున్న పేజీ పైకి వచ్చేలా మేకులు కొట్టి తగిలించారు. పరీక్ష పోయాక కూడా తియ్యలేదు.

"మా ఇంటికొచ్చే కాగితాల మీద పన్ను కట్టమనో, జరిమానా కట్టమనో ఉంటుందండీ" అంది వయొలెట్. "అద్భుతం అన్న కాగితం ఇదొక్కటే. అందుకే ఉంచాను."

టీ పక్కన పెట్టాను. చెప్పేశాను. వరస లేకుండా చెప్పాను. వ్యాసాల్లో ఉన్నవి నా వాక్యాలనీ, నేనే అలా అలవాటు చేశాననీ, మార్కులు నాకే వేసుకున్నాననీ, పరీక్షలో ఆయనకి మాట రాకపోవడానికి కారణం ఆయన బుర్ర కాదనీ.

ఎర్లెండ్ బల్ల వంక చూస్తున్నాడు.

"ఈ మార్కుల్లో ఆయనవి ఎన్ని?" అంది వయొలెట్.

"మొదటి వ్యాసం నలభై ఎనిమిది. అవి ఆయనవి. దానికీ నేను సరిగ్గా వెయ్యలేదు."

ఆవిడ లేచింది. గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే మేకుల నుంచి తీసింది. చిరగకుండా జాగ్రత్తగా తీసింది. నాలుగూ కలిపి మడిచి నా ఒడిలో పెట్టింది.

"మీవి మీరు తీసుకెళ్ళండి."

కొట్టినా బాగుండేది. గోడ మీద నాలుగు చదరాలు తెల్లగా మిగిలాయి, మిగతా గోడంతా పొగచూరి ఉంది.

"ఆ నలభై ఎనిమిదిది పొయ్యిలో వేశాను" అన్నాడు ఎర్లెండ్.

పిరీ పంపిన నకలు ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నిలబడి చదివాడు. పెదాలు కదులుతున్నాయి. మధ్యలో ఒకచోట చిన్నగా నవ్వాడు. చివరికి వచ్చాక వేలు పెట్టి చూపించాడు.

"నాన్న తలుపు మీద తప్ప ఎక్కడా రాయలేదని ఉంది కదండీ. దీన్ని ఎందుకు తీసెయ్యాలన్నారు?"

"అది ఎంత మంచిదో నాకు అప్పుడు తెలియలేదు."

"మీకు కూడా తెలియదా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. తెలియదన్నాను.

పడవ మూడింటికి. ట్రాక్టరులోనే రేవుదాకా తీసుకొచ్చాడు. నేను పడవ ఎక్కేటప్పుడు చెయ్యి అందించి అన్నాడు, "ఇవి నువ్వు రాసినట్టు లేవే అని మా ఆవిడ జూన్‌లోనే అందండీ. మూడు రోజులు మాట్లాడుకోలేదు. ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పుకోవాలి."

"నన్ను క్షమించమని అడగడానికే..."

"అయితే ఆ పీతబుర్ర సంగతి ఇంకా తేలలేదన్నమాట" అన్నాడు. క్షమించానని అనలేదు. తాడు విప్పి పడవలోకి విసిరాడు.

జనవరి 14

పిరీకి రెండు వాక్యాల ఉత్తరం. మీరు చెప్పింది నిజం. ఆలస్యంగా చదివాను.

ఫిబ్రవరి 10

కొత్త జాబితా. ఆరుగురు. ఎర్లెండ్ లేడు. ఆఫీసుకి ఫోన్ చేస్తే చెప్పారు, మళ్ళీ చేరాడట, ట్యూటర్ని మార్చమని అడిగాడట. అబర్డీన్‌లో ఎవరికో ఇచ్చారు.

మంచిదే. ఇదే మంచిది. చాలా మంచిది. మూడుసార్లు ఎందుకు రాశాను?

మార్చి 15, ఆదివారం

ఆరు వ్యాసాలు. ఒక్కోదానికి అరపేజీ, అంతే, ఎక్కువగా ప్రశ్నలే. పన్నెండుకల్లా అయిపోయింది. మధ్యాహ్నమంతా ఏం చెయ్యాలో తోచలేదు. అక్కకి ఫోన్ చేశాను. ఊళ్ళో లేరు. కిటికీలు తుడిచాను.

మే 31, ఆదివారం

నిన్న హెల్సే నుంచి కవరు. చేతిరాత చూసి, కుర్చీలో కూర్చోకుండానే విప్పాను. లోపల ఒక వ్యాసం. అబర్డీనాయన దాని కింద రెండే లైన్లు రాసి, యాభై ఏడు వేశాడు. పైన ఒక చీటీ.

"మిస్ హెడిల్ గారికి. ఇది దిద్దడానికి కాదు. ఇందులో మీ పేరు వచ్చింది. మీకు తెలియకుండా మీ మీద రాయడం మర్యాద కాదని వయొలెట్ అంది. ఎర్లెండ్ ఫూబిస్టర్."

మా పక్కనే ఉన్న స్విన్సే దీవి ఎందుకు ఖాళీ అయిందన్నది విషయం. బళ్ళో ముప్ఫై ఒక్కేళ్ళూ, ఆ తర్వాత ఫోన్‌లోనూ నేను ఒకటే చెబుతూ వచ్చాను. బడి మూతపడింది, పిల్లలు వెళ్ళిపోయారు, దీవి చచ్చిపోయింది అని. రెండో పేజీలో ఇలా ఉంది:

"పోయిన ఏడాది నాకు చెప్పిన మిస్ హెడిల్ ప్రకారం బడి మూసేస్తే దీవి చస్తుంది. టీచర్లకి అలా అనిపించడం సహజం. కానీ బడి మూసింది 1920 జనం వెళ్ళిపోయింది 1931. మా అత్తగారు అక్కడే పుట్టారు దీవి విడిచేటప్పటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. ఆమె చెప్పింది ఏమంటే పెద్ద పడవని అలలకి అందకుండా ఒడ్డు మీదికి లాగాలంటే ఆరుగురు మగాళ్ళు కావాలి. ఆ చలికాలం ఒకడు చచ్చిపోయాడు. ఐదుగురు మిగిలారు. ఐదుగురితో పడవ రాదు. పడవ లేకపోతే దీవి లేదు. ఒక్క మనిషి తగ్గితే చాలు."

కామాలు లేవు. ఎర్రపెన్ను బల్ల మీదే ఉంది, తియ్యలేదు.

కోపం వచ్చింది ముందు. టీచర్లకి అలా అనిపించడం సహజమట. అటక మీది పెట్టె దింపి నా పాత నోట్సులు తీశాను. చర్చి రిజిస్టరు నుంచి నేను ఎత్తి రాసుకున్న పేర్లు, బడి హాజరు పట్టీలు, జనాభా లెక్కలు. ఆయన వాదనలో ఎక్కడో ఒకచోట తప్పుండాలి. ఉంటుందనే వెతికాను. మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను.

1930 చివర స్విన్సేలో ఒక చావు ఉంది. నా చేతిరాతతోనే ఉంది. పేరు, వయసు, నలభై నాలుగు. ఎన్నేళ్ళుగానో ఆ పేరు నా దగ్గర ఉంది. దాని వంక ఎన్నడూ చూడలేదు.

తప్పు దొరకలేదు.

ఐదింటికి కార్డు తీసుకుని రాశాను. "మీరు చెప్పిందే నిజం. నేను ఇన్నేళ్ళూ తప్పు చెప్పాను." చదువుకుని, కవరులో పెట్టబోయి, మళ్ళీ తీశాను. కింద ఇంకో లైను రాశాను. ఆ ఐదుగురూ వెళ్ళిపోదామని ఎప్పుడు అనుకున్నారు, ఆ మాట ముందు ఎవరు అన్నారు, మీ అత్తగారిని అడిగి చెబుతారా అని.

పరీక్షించడానికి అడగలేదు. నాకు తెలియదు.